ఊపిరితిత్తుల మార్పిడి – అవుననాలా, కాదనాలా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో సైన్సు పాఠం చెప్పే పంతులును. రోజంతా ఉర్దూలో చెప్పి చెప్పి సాయంత్రం తెలుగులోకి వచ్చేవాణ్ణి గనుక నా మాటల్లో తడబాటు వుంటే పెద్దలు మన్నించాలి. ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువు గురించో, కట్నం గురించో, పొదుపు గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. కాని కొన్ని నెలలుగా ఒక జబ్బు గురించి, దాని కోసం చేసే ఒక పెద్ద ఆపరేషన్ గురించి చదువుతూ వున్నాను. చదవక తప్పని పరిస్థితి వచ్చింది. ముందు ఆ సంగతి మనవి చేసుకుంటాను.

మా ఆపా పెళ్లయి బావగారితో అమెరికాలో చికాగో వెళ్లి పాతికేళ్లు దాటింది. వాళ్లకు ఒక్కతే కూతురు. ఇప్పుడు 24 ఏళ్లు. ఆ పిల్లకు పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు. పోయిన రంజాన్‌లో ఒకరోజు తరావీహ్ ముగించి ఇంటికి వచ్చాను. ఫోన్ మోగింది. మా మేనకోడలు. "మామూ, మా డాక్టరు లంగ్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఆలోచించమంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చేయించుకో బేటా. అల్లా మీద భారం వేసి చేయించుకో" అన్నాను. అవతల కొంచెంసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "మామూ, దాని గురించి మీకేం తెలుసు?" అన్నది.

నాకేమీ తెలియదు. పెద్దవాణ్ణి గనుక ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను. తరగతిలో పిల్లవాడు తెలియకుండా జవాబు చెప్తే నేను ఊరుకుంటానా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుండి చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో మీకు ఉపయోగపడేది ఈరోజు చెప్తాను.

ముందు జబ్బు సంగతి. మన శరీరంలో ఉప్పును, నీటిని కణాల గోడల గుండా అటూ ఇటూ పంపించే ఒక తలుపు లాంటి పదార్థం వుంది. దాన్ని తయారుచేయించే జన్యువు ఏడో క్రోమోజోము మీద వుంది. ఆ జన్యువును 1989లో టొరంటోలో లాప్-చీ సుయీ, రియోర్డన్, అమెరికాలో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి కనిపెట్టాయి. ఆ జన్యువు చెడిపోతే తలుపు పనిచేయదు. ఊపిరితిత్తుల్లో – ఉర్దూలో మనం ఫేఫ్డే అంటాం – సాధారణంగా పల్చగా వుండవలసిన తడి, జిగట తెమడగా మారిపోతుంది. అందులో క్రిములు కాపురం పెడతాయి. దగ్గు, జ్వరం, మళ్లీ దగ్గు. ఏళ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. క్లోమం నుండి పేగుల్లోకి రావలసిన జీర్ణరసాలు కూడా మూసుకుపోతాయి. అందుకని పిల్లలు ఎంత తిన్నా వొళ్లు పట్టరు. 1938లో న్యూయార్క్‌లో డొరొతీ ఆండర్సన్ అనే లేడీ డాక్టరు దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా మొదట వివరించింది. చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుందని తర్వాత తెలిసింది. 1948లో న్యూయార్క్‌లో విపరీతమైన ఎండలు కాసినప్పుడు ఈ పిల్లలు ఇతర పిల్లలకంటే ఎక్కువగా సొమ్మసిల్లి ఆస్పత్రికి రావడం చూసి, డీ సాంట్ ఆగ్నీస్ అనే డాక్టరు ఆ రహస్యం పట్టాడు. ఈనాటికీ చెమట పరీక్షే దీనికి ముఖ్యమైన పరీక్ష.

మా ఆపా తన పసిబిడ్డను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా వుందని ఫోన్‌లో మా అమ్మకు చెప్పి నవ్వింది. ఎనిమిదో నెలలో జబ్బు తేలింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉప్పు మాట ఎత్తి ఎవరూ నవ్వలేదు.

ఈ జబ్బు అంటువ్యాధి కాదు. తల్లి దగ్గర నుండి ఒక చెడ్డ జన్యువు, తండ్రి దగ్గర నుండి ఒక చెడ్డ జన్యువు, రెండూ కలిస్తేనే వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ పైకి పూర్తి ఆరోగ్యంగా వుంటారు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మా బావగారు మా ఖాలా కొడుకే. మన ఇళ్లలోనూ, హిందూ సోదరుల మేనరికాల్లోనూ దగ్గర సంబంధాలు కలుపుకోవడం మామూలే. ఒకే తాత నుండి వచ్చిన ఒకే లోపం రెండువైపులా వుండే అవకాశం అక్కడ హెచ్చు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మా ఇంట్లో జరిగింది గనుక చెప్తున్నాను.

ఇరవై నాలుగేళ్లుగా ఆ పిల్ల దినచర్య ఏమిటో వినండి. పొద్దున గంటసేపు ఆవిరి మందులు పీల్చడం, వీపు, ఛాతీ అదిరేట్టు చేసే కోటు తొడుక్కుని తెమడ వదిలించుకోవడం. సాయంత్రం మళ్లీ అంతే. తిన్న ప్రతిసారీ జీర్ణరసపు గుళికలు మింగాలి. ఆ గుళికలు పంది క్లోమం నుండి తీస్తారు. మొదట్లో మా ఆపా ఏడ్చింది. ప్రాణావసరం గనుక తప్పు లేదని ఆలిమ్ సాహెబ్ చెప్పిన తర్వాతే బిడ్డకు వేసింది. ఇలాంటి కష్టమైన ఎంపికలు ఆ ఇంటికి కొత్తగాదు.

ఇప్పుడు మీరు అడగవచ్చు – దీనికి మందు లేదా అని. వచ్చింది. 2012లో ఒక మందు, 2019 అక్టోబరులో మూడు మందులు కలిసిన ట్రైకాఫ్టా అనే మాత్ర అమెరికాలో అనుమతి పొందాయి. చెడిపోయిన తలుపును ఇవి బాగుచేస్తాయి. రెండో మందు వచ్చాక చాలామంది రోగులు మంచం దిగి ఉద్యోగాలకు వెళ్లారు. ఊపిరితిత్తుల మార్పిడి కోసం జాబితాలో పేరు రాయించుకున్న కొందరు పేర్లు తీసేయించుకున్నారు. అంతకుముందు అమెరికాలో ఈ జబ్బు వల్ల ఏటా రెండు వందలకు పైగా మార్పిడులు జరిగేవి. అవి వందకు లోపు పడిపోయాయి. ఇది వైద్యచరిత్రలో గొప్ప సంగతి.

కాని ఆ మాత్ర అందరికీ పనిచేయదు. తలుపు వంకరగా తయారైతే సరిచేస్తుంది. తలుపే తయారుకాకపోతే ఏం సరిచేస్తుంది? ఐరోపా జాతుల వాళ్లలో ఎక్కువమందికి ఒకే రకమైన లోపం వుంది, దానికి మందు పనిచేస్తుంది. మన భారతదేశపు రోగుల్లో ఆ లోపం తక్కువ, రకరకాల అరుదైన లోపాలు ఎక్కువ. మా పిల్లకు తల్లివైపు, తండ్రివైపు ఒకే అరుదైన లోపం వచ్చింది. దానితో తలుపు తయారే కాదు. తన స్నేహితురాళ్లు ఒక్కొక్కరే బాగుపడుతుంటే తాను మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఇప్పుడు ఊదుడు పరీక్షలో, అంటే ఒక్క సెకనులో ఎంత గాలి వదలగలదో చూసే పరీక్షలో, ఆరోగ్యవంతులతో పోలిస్తే నూటికి 34 వంతులే వస్తోంది. అందుకే ఆ డాక్టరు మార్పిడి మాట ఎత్తింది.

సరే, ఆ ఆపరేషన్ సంగతి. 1963లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో జేమ్స్ హార్డీ అనే సర్జన్ మొదటిసారి ఒక మనిషికి మరొకరి ఊపిరితిత్తి పెట్టాడు. ఆ రోగి 18 రోజులు బ్రతికాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ప్రపంచం మొత్తం మీద నలభైకి పైగా ప్రయత్నాలు జరిగాయి. ఒక్కటీ నిలవలేదు. 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ బృందం టామ్ హాల్ అనే ఆయనకు ఒక ఊపిరితిత్తి మార్చింది. ఆయన ఆరేళ్లు పైగా జీవించాడు. 1986లో అక్కడే రెండూ మార్చగలిగారు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో రెండూ మార్చవలసిందే. ఒకటి పాతది వుంచితే అందులోని క్రిములు కొత్తదాన్ని పాడుచేస్తాయి.

ఆ రోజుల్లో కొందరికి గుండె, ఊపిరితిత్తులు కలిపి మార్చేవారు. 1987లో బాల్టిమోర్ నగరంలో ఈ జబ్బువున్న ఒక యువకుడికి అలాగే చేశారు. అతని గుండె బాగానే వుంది గదా, దాన్ని వృథా చేయకుండా మరొక హృద్రోగికి పెట్టారు. తీసుకునేవాడే అదేరోజు ఇచ్చేవాడు కూడా అయ్యాడు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను.

ఇక అసలు ప్రశ్న. చేయించుకుంటే ఏమవుతుంది? కొత్త ఊపిరితిత్తుల్లో ఈ జబ్బు వుండదు, ఎందుకంటే వాటి జన్యువులు దాతవి. ఆపరేషన్ బాగా జరిగితే రాత్రింబగళ్లు ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న మనిషి మెట్లెక్కుతుంది, పరుగెత్తుతుంది. కాని క్లోమం, పేగులు, ముక్కులోపలి గదులు పాత జబ్బుతోనే వుంటాయి. గుళికలు మానకూడదు. శరీరం కొత్త అవయవాన్ని పరాయిదిగా ఎంచి దాడి చేస్తుంది. దాన్ని అణచడానికి టాక్రోలిమస్ వంటి మందులు జీవితాంతం, పన్నెండు గంటలకొకసారి, గడియారం చూసి వేసుకోవాలి. ఆ మందులవల్ల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, చక్కెర జబ్బు రావచ్చు, మామూలు జలుబు కూడా ప్రమాదం కావచ్చు. పంపరపనస తింటే మందు రక్తంలో విపరీతంగా పెరుగుతుంది గనుక అది కూడా నిషేధం. ఉపవాసం వుండాలన్నా డాక్టరును అడగకుండా వుండకూడదు. డాక్టర్లే ఒక మాట అంటారు: ఇది ఒక జబ్బును ఇచ్చి మరొక జబ్బును తెచ్చుకోవడం.

ఎన్నాళ్లు బ్రతుకుతారు? ఈ ప్రశ్న అడగడానికి మన ఇళ్లలో నోరు రాదు. మా మేనకోడలు అడిగింది గనుక నేనూ చెప్తాను. మొదటి ఏడాది దాటేవాళ్లు నూటికి సుమారు 85 నుండి 90 మంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ వల్ల మార్పిడి చేయించుకున్నవాళ్లలో సగం మంది సుమారు తొమ్మిది, పదేళ్లు దాటుతున్నారు. అంటే మిగతా సగం అంతవరకు వుండరు. ఇరవై ఏళ్లు దాటినవాళ్లూ వున్నారు, వారం దాటనివాళ్లూ వున్నారు. నెమ్మదిగా శ్వాసనాళాలు మూసుకుపోయే దీర్ఘకాలిక తిరస్కారం అన్నిటికంటే పెద్ద శత్రువు.

ఇద్దరి కథలు చెప్తాను. రెండూ లోకానికి తెలిసినవే.

అమెరికాలో స్టెంజెల్ కవల సోదరీమణులు, ఆనాబెల్, ఇసబెల్. 1972లో పుట్టారు. తల్లి జపాన్ దేశస్థురాలు, తండ్రి జర్మన్. ఇద్దరికీ ఈ జబ్బే. చిన్నప్పటి నుండి ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ తెమడ వదిలించుకునేవారు. ఆనాకు 2000లో, ఇసాకు 2004లో స్టాన్‌ఫర్డ్‌లో మార్పిడి జరిగింది. ఆనా ఊపిరితిత్తులను శరీరం తిరస్కరించగా 2007లో రెండోసారి చేశారు. ఇద్దరూ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఆటల పోటీల్లో పతకాలు తెచ్చుకున్నారు. ఇద్దరూ కలిసి పుస్తకం రాశారు. ఆనా జన్యు సలహాదారుగా ఉద్యోగం చేసింది. 2009లో అక్కచెల్లెళ్లు జపాన్ వెళ్లి, అవయవదానం అంటే జంకే ఆ దేశంలో ఊరూరా మాట్లాడారు. ఆనా 2013లో క్యాన్సర్‌తో చనిపోయింది, 41 ఏళ్లకు. మార్పిడి ఆమెకు అదనంగా పదమూడేళ్లు ఇచ్చింది.

రెండో అమ్మాయి క్లెయిర్ వైన్‌లాండ్. 1997లో పుట్టింది. పదమూడేళ్ల వయసులో స్పృహ తప్పి పదహారు రోజులు మృత్యువుతో పోరాడి బయటపడింది. ఈ జబ్బున్న కుటుంబాలకు సాయం చేయడానికి సంస్థ పెట్టింది. నాకు మార్పిడి వద్దని చాలా ఏళ్లు చెప్పింది. వున్న జీవితాన్నే నిండుగా బ్రతుకుతానన్నది. 2018లో ఆరోగ్యం బాగా క్షీణించాక మనసు మార్చుకుంది. ఆ ఏడు ఆగస్టు 26న ఆపరేషన్ జరిగింది. ఊపిరితిత్తులు పనిచేశాయి, కాని రక్తం గడ్డ మెదడుకు చేరి పక్షవాతం వచ్చింది. సెప్టెంబరు 2న కన్నుమూసింది, 21 ఏళ్లకు. ఆమె మూత్రపిండాలు ఇద్దరు రోగులకు అమర్చారు.

ఈ రెండు కథలూ మా పిల్లకు ముందే తెలుసు. నేనే ఆలస్యంగా తెలుసుకున్నాను. క్లెయిర్ మొదట వద్దనడం తప్పా? తర్వాత సరేననడం తప్పా? రెండూ తప్పు కాదని నాకు తోచింది. రెండుసార్లూ ఆ పిల్ల తెలిసి నిర్ణయించుకుంది.

మనవాళ్లు సాధారణంగా పడే పొరపాటు ఒకటి చెప్తాను. మార్పిడి డాక్టరు దగ్గరికి వెళ్లడమే ఆపరేషన్‌కు ఒప్పుకోవడం అనుకుంటాం. అందుకని చివరిదాకా వెళ్లం. అది పొరపాటు. అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ వారు 2019లో డాక్టర్లకు ఒక మార్గదర్శకం ఇచ్చారు. ఊదుడు పరీక్ష నూటికి 50 లోపు వచ్చినప్పుడే ఈ సంగతి రోగితో మాట్లాడాలి. వేగంగా పడిపోతున్నా, 40 లోపు వుండి ఇతర ప్రమాద సూచనలు కనపడినా, 30 లోపు వచ్చినా మార్పిడి కేంద్రానికి తప్పక పంపాలి. ఎందుకంటే ఆపరేషన్‌కు ఒక సమయం వుంది. మరీ ముందు చేస్తే వున్న ఊపిరితిత్తులతో గడపగలిగిన ఏళ్లు పోగొట్టుకుంటారు. మరీ ఆలస్యమైతే శరీరం కత్తిని తట్టుకోలేదు. అంతేగాక బరువు మరీ తక్కువున్నా, ఊపిరితిత్తుల్లో బర్ఖొల్డేరియా సెనోసెపేసియా అనే మొండి క్రిమి వున్నా చాలా కేంద్రాలవారు ఒప్పుకోరు. ముందుగా వెళ్తే బరువు పెంచుకోవడానికి, మరో కేంద్రం వెతుక్కోవడానికి వ్యవధి వుంటుంది. ముందు వెళ్లినవాళ్లకు కాదనే హక్కు కూడా వుంటుంది. చివరి నిమిషంలో వెళ్లినవాళ్లకు అవునూ లేదు, కాదూ లేదు.

పరీక్షలన్నీ అయ్యాక కేంద్రంవారు రోగిని మాత్రమే చూడరు. ఇంట్లో ఎవరున్నారు, ఆపరేషన్ తర్వాత నెలల తరబడి పక్కనే వుండి మందులు ఇచ్చేదెవరు, ఆస్పత్రికి దగ్గరలో అద్దెకు వుండగలరా, బీమా వుందా అని అడుగుతారు. అమెరికాలో దీని ఖర్చు పది లక్షల డాలర్లు దాటుతుంది. బీమా లేకపోతే మాటే లేదు. జాబితాలో పేరు చేరాక ఏ అర్ధరాత్రో పిలుపు వస్తుంది. రక్తపు గ్రూపు, ఛాతీ కొలత కుదరాలి. దాత ఊపిరితిత్తులు గంటల వ్యవధిలో రోగి వొంట్లో చేరాలి. ఒక్కోసారి ఆస్పత్రికి వెళ్లి బట్టలు మార్చుకుని పడుకున్నాక, అవి పనికిరావని ఇంటికి పంపేస్తారు. దానికి కూడా గుండె దిటవు చేసుకోవాలి.

మా బావగారు ఈ విషయంలో ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. ఒకరోజు నాకు విడిగా ఫోన్ చేసి, "నాది, మీ ఆపాది చెరొక ముక్క కోసి పెట్టకూడదా?" అని అడిగారు. అదీ వుంది. 1990లలో లాస్ ఏంజెలెస్‌లో బ్రతికివున్న ఇద్దరు దాతల దగ్గర చెరొక భాగం తీసి పెట్టేవారు. ఇప్పుడు ఆ దేశంలో దాదాపు ఆగిపోయింది. ఆ మాట చెప్తే ఆయన చాలాసేపు ఫోన్ పెట్టెయ్యలేదు, మాట్లాడలేదు.

మత విషయం కూడా ఆ పిల్ల అడిగింది. నేను ఆలిమ్‌ను కాను, తెలిసినది చెప్తాను. 1986లో అమ్మాన్‌లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, మెదడు పూర్తిగా, తిరిగిరాకుండా ఆగిపోతే దాన్ని మరణంగా అంగీకరించింది. 1988లో జెద్దాలో అవయవమార్పిడిని కొన్ని షరతులతో అనుమతించింది. మన ఉపఖండపు ఉలమాలలో దీన్ని ఒప్పుకోనివారూ వున్నారు, ముఖ్యంగా చనిపోయాక దానమిచ్చే విషయంలో. అందుచేత ఎవరికివారు తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను, చేతిలో వైద్యుల కాగితాలు పెట్టుకుని అడగాలి. "మజ్హబ్ వొప్పుకోదు" అని గాని, "అంతా వొప్పుకుంటుంది" అని గాని విననిదాన్ని విన్నట్టు చెప్పకూడదు. తీసుకోవడానికి ఆశపడే మనం, ఇవ్వడం గురించి కూడా ఒకసారి ఆలోచించాలన్నది మాత్రం నా మనవి.

ఇక్కడి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఒకప్పుడు ఈ జబ్బు తెల్లవాళ్లకే వస్తుందని, మన దేశంలో లేదని అనుకునేవారు. అది నిజం కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, వెల్లూరు సి.ఎం.సి.లోనూ ఇలాంటి పిల్లలకు చికిత్స జరుగుతోంది. పిల్లవాడికి మాటిమాటికీ న్యుమోనియా వస్తూ, విరేచనం జిడ్డుగా పడుతూ, బరువు పెరగక, చర్మం ఉప్పగా వుంటే, క్షయ అని మందులు వాడుతూ కూర్చోకుండా చెమట పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఊపిరితిత్తుల మార్పిడి హైదరాబాదులో, చెన్నైలో జరుగుతోంది. 1994 నాటి కేంద్ర చట్టం ప్రకారం నలుగురు వైద్యులు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే మెదడు చనిపోయిందని ధ్రువీకరిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013 నుండి జీవన్‌దాన్ పథకం కింద అవయవాల కేటాయింపు మొదలైంది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదు మెట్రో రైలులో నాగోలు నుండి జూబ్లీహిల్స్ దాకా ఒక గుండెను తీసుకువెళ్లిన సంగతి మీలో కొందరు టీవీలో చూసే వుంటారు. ఏర్పాట్లు వున్నాయి. ఖర్చు మాత్రం సామాన్యుడు మోయలేనిది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ముగిస్తాను.

చదవడం కొంత పూర్తయ్యాక నేనే మా మేనకోడలికి ఫోన్ చేశాను. "బేటా, ఆరోజు తెలియక చెప్పాను. ఆ మాట వాపసు తీసుకుంటున్నాను" అన్నాను. నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుంది, దగ్గు తగ్గేదాకా ఆగాను. "నీకేం కావాలో చెప్పు" అన్నాను. చిన్నపిల్లలకు చదువు చెప్పే ట్రైనింగ్ సగంలో వుందట, అది పూర్తిచేయాలట. తరగతిలో నిలబడి పాఠం చెప్పేటంత ఊపిరి వుంటే చాలునన్నది. నేను రోజూ ఆరు పీరియడ్లు ఆ పనే చేస్తాను. ఒక్కనాడూ ఊపిరి గురించి తలచుకోలేదు.

తర్వాత ఇంకొక కోరిక కోరింది. "మామూ, నేను ఎటు నిర్ణయించుకుంటానో నాకే తెలియదు. ఒకవేళ వద్దంటే, చావాలని అన్నట్టు కాదు. ఆ మాట అమ్మీకి మీరు చెప్పండి. నేను చెప్తే వినదు."

మా ఆపా నాకంటే పెద్దది. చిన్నప్పుడు నాకు అలిఫ్, బే నేర్పింది ఆమే. ఆమెకు ఈ మాట చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చెప్పాను. "నీకు బిడ్డలుంటే ఇలా మాట్లాడేవాడివా?" అన్నది. నాకు ముగ్గురు బిడ్డలు, ఆమెకు తెలుసు. కోపంలో అన్నమాట. ఫోన్ పెట్టేసింది. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆమే చేసింది. "దాన్ని తీసుకుని ఆ కేంద్రానికి వెళ్తున్నాం. పరీక్షలు చేయించుకుంటుందట. ఆ తర్వాత దాని ఇష్టం" అన్నది. చివరి మూడు మాటలు ఆమె గొంతులో ఎంత కష్టంగా వచ్చాయో నేను విన్నాను.

పరీక్షలు అయ్యాయి. ఇంకా జాబితాలో చేర్చే సమయం రాలేదు, బరువు పెంచుకుని మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారట. ఇప్పుడు ఆ ఇంట్లో రోజూ "అవునా, కాదా" అనే ప్రశ్న లేదు. ఇవాళ ఎంత తిన్నావు, ఎంత నడిచావు అని అడుగుతున్నారు. మా పిల్ల ఇంకా నిర్ణయించుకోలేదు. నేనూ అడగడం లేదు.

సోదర సోదరీమణులారా! మన ఇళ్లలో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే పదిమందిమి చేరతాం. అది మన మంచి గుణం. కాని పదిమందిమీ పది తీర్పులు చెప్తాం. జబ్బుమనిషి మంచం మీద నోరు మూసుకుని వింటూ వుంటుంది. దయచేసి తీర్పు చెప్పేముందు తెలుసుకోండి. తెలుసుకున్నది వాళ్లకు చెప్పండి. తర్వాత వాళ్లు చెప్పేది వినండి. మన సంఘం నుండి ఒక చిన్న పని జరిగితే బాగుంటుందని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. హైదరాబాదుకో, చెన్నైకో, వెల్లూరుకో దీర్ఘకాలం వైద్యానికి వెళ్లే కుటుంబాల వెంట వుండడానికి వంతులవారీగా ఇద్దరు ముగ్గురు మనుషులను ఏర్పాటు చేద్దాం. డబ్బు ఎలాగో పుడుతుంది. నెలల తరబడి పక్కన కూర్చునే మనిషి దొరకక ఆగిపోయిన వైద్యాలు చాలా వున్నాయి. మొదటి పేరు నాది రాసుకోండి, వేసవి సెలవుల్లో నేను ఖాళీయే.

 మా పిల్ల కోసం, ఊపిరి కోసం కష్టపడే ప్రతి ఇంటి పిల్ల కోసం మీ దువాలో ఒక మాట చేర్చమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.